పిల్లి మెచ్చిన పుదీనా

మే నెల వచ్చిందంటే చాలు, ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో ఒక ప్రశ్న తప్పకుండా ఉంటుంది. "మేడమ్, మీ కూరగాయల మడి ఫొటోలో అంచు వెంబడి ఊదా రంగులో కనిపిస్తున్న పూలేమిటి? లావెండరేనా?" అని. కాదండీ. మా న్యూజెర్సీ బంకమట్టిలో లావెండర్ రెండు చలికాలాలు గట్టెక్కితే గొప్ప. మీరు చూసింది క్యాట్‌మింట్. మన భాషలో చెప్పుకోవాలంటే పిల్లి పుదీనా.

దీని గురించి రాయమని మూడేళ్లుగా అడుగుతున్నారు. గోంగూర, తోటకూర, మునగ అంటూ తినే మొక్కల వెంటే పడి దీన్ని పక్కన పెడుతూ వచ్చాను. ఈసారి మాత్రం జూన్ మూడో వారం దాటకముందే రాయాలని కూర్చున్నాను. ఎందుకంటే ఈ మొక్కకు ఏడాది మొత్తంలో చేయాల్సిన ముఖ్యమైన పని ఒక్కటే. అది ఇప్పుడే చేయాలి. ఇంకో కారణం కూడా ఉంది, దాని సంగతి కాసేపట్లో చెబుతాను.

ఒకే ఇంటిపేరు, రెండు మొక్కలు

ముందు పేర్ల గందరగోళం తీర్చుకుందాం. నెపెటా అనేది తులసి, పుదీనాల కుటుంబంలోదే. కాడను వేళ్ల మధ్య పెట్టి తిప్పి చూడండి, తులసి కాడలాగే నాలుగు పలకలు తగులుతాయి. ఈ నెపెటాల్లో మనకు నర్సరీలో కనిపించేవి ముఖ్యంగా రెండు.

ఒకటి క్యాట్‌నిప్, అంటే నెపెటా కటారియా. నిటారుగా రెండు మూడు అడుగులు పెరుగుతుంది. పూలు తెల్లగా, చిన్నగా ఉంటాయి, చూపుకు పెద్దగా ఆనవు. పిల్లులు పడి దొర్లేది ప్రధానంగా దీని మీదే. పైగా గింజలు రాల్చుకుని ఇంటి చుట్టూ మొలుస్తుంది.

రెండోది క్యాట్‌మింట్, అంటే నెపెటా ఫాసెనై. ఫాసెన్ అనే డచ్ నర్సరీ యజమాని పేరు మీద ఆ పేరు వచ్చింది. రెండు నెపెటాల కలయికతో పుట్టిన సంకరం ఇది. దీనికి గింజ కట్టదు. అంటే రాలి మొలిచే బెడద లేదు. పూత తర్వాత మొక్క తన బలాన్ని గింజల మీద ఖర్చు పెట్టదు కాబట్టి, కత్తిరిస్తే మళ్లీ పూస్తుంది. తోటకు కావలసింది ఇదే. ఒక్క మాట గుర్తుంచుకోండి. ఎవరైనా "ఫాసెనై విత్తనాలు" అని ప్యాకెట్ అమ్మితే అందులో ఉన్నది ఇంకేదో నెపెటా. దీన్ని పెంచాలంటే కొమ్మ గుచ్చాలి, లేదా దుబ్బు విడదీయాలి.

రకాల విషయానికొస్తే, అమెరికాలో ఏ నర్సరీకి వెళ్లినా ముందు కనిపించేది 'వాకర్స్ లో'. 2007లో ఇక్కడి పెరెన్నియల్ ప్లాంట్ అసోసియేషన్ దీన్ని ఆ సంవత్సరపు మేటి మొక్కగా ఎంపిక చేసింది. పేరులో 'లో' ఉందని పొట్టిది అనుకోకండి. ఒక తోట పేరది. మొక్క రెండున్నర అడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు వస్తుంది. నడక దారి పక్కన అడుగు దూరంలో నాటారంటే, రెండో ఏటికల్లా మీరు పచ్చిక మీదుగా చుట్టూ తిరిగి ఇంట్లోకి వెళ్లాల్సి వస్తుంది. చోటు తక్కువైతే 'జూనియర్ వాకర్' గానీ, 'క్యాట్స్ పజామాస్' గానీ తీసుకోండి. అవి అడుగు, అడుగున్నర దగ్గర ఆగుతాయి. చోటు బాగా ఉంటే 'సిక్స్ హిల్స్ జెయింట్' ఉంది. మూడడుగులు లేస్తుంది.

జింక నోటికి రుచించని అందం

మా ఇంటి వెనక ఒక చిన్న అడవి ముక్క ఉంది. జింకలు మందలుగా వస్తాయి. హోస్టాలు, ట్యూలిప్‌లు, చేమంతి మొగ్గలు వాటికి ఫలహారం. గులాబీ చిగుళ్లయితే ముళ్లతో సహా నమిలేస్తాయి. ఆ జింకలు క్యాట్‌మింట్‌ను వాసన చూసి తల తిప్పుకుని పోతాయి. కుందేళ్లదీ అదే తీరు. ఆకు మీద ఉండే నూగు, నలిపితే వచ్చే ఘాటు వాసన వాటికి పడవు. బాగా ఆకలేసిన జింక ఏదైనా కొరికి చూస్తుంది లెండి. కానీ ఇన్నేళ్లలో మా దగ్గర రెండు రెమ్మలు తుంచి వదిలేయడం తప్ప మొక్కను మొత్తం మేసింది లేదు.

అందుకే గులాబీల ముందు దీన్ని వరసగా పెడతారు. గులాబీకి కింద కాళ్లు బోసిగా ఉంటాయి కదా. క్యాట్‌మింట్ బూడిద పచ్చ ఆకులు వాటిని కప్పేస్తాయి. నేను మాత్రం కూరగాయల మడి చుట్టూ పెట్టాను. దాని లెక్క వేరు.

నాటడం

దీనికి కావలసినవి రెండే. ఎండ, నీరు నిలవని నేల.

రోజుకు కనీసం ఆరు గంటలు నేరుగా ఎండ పడాలి. నీడలో పెడితే చావదు గానీ, కాడలు సాగిపోయి దుబ్బు మధ్యలో విచ్చుకుని పడిపోతుంది. ఎరువు ఎక్కువైనా ఇదే జబ్బు. "మొక్క బలంగా రావాలని ఆవు పేడ ఎరువు, ఫిష్ ఎమల్షన్ రెండూ వేశాను, పూలు లేవు, ఆకులే ఉన్నాయి" అని పోయినేడు డెలావేర్ నుంచి ఒకరు రాశారు. అమ్మా, కొందరు పిల్లలు ఎక్కువ గారం చేస్తే చెడతారు, ఇదీ ఆ బాపతే. నాటేటప్పుడు రెండు గుప్పిళ్ల కంపోస్టు చాలు. తర్వాత ఏటా వసంతంలో పైపైన కాస్త చల్లితే సరి. అదీ లేకపోయినా పెరుగుతుంది.

బంకమట్టి ఉన్నవాళ్లు ఒక జాగ్రత్త తీసుకోవాలి. గొయ్యిలో మాత్రమే ఇసుక పోసి నాటకండి. చుట్టూ బంకమట్టి, మధ్యలో ఇసుక ఉంటే ఆ గొయ్యి గిన్నెలా మారి వాన నీళ్లన్నీ అందులోనే చేరతాయి. దానికన్నా మడిని మొత్తంగా నాలుగైదు అంగుళాలు ఎత్తు చేసి నాటండి. ఈ మొక్కను చంపేది చలి కాదు, చలికాలపు తడి. సున్నా కన్నా ఎంతో కిందికి పోయే మిన్నెసోటాలో కూడా బతుకుతుంది. కానీ వేళ్లు నెలల తరబడి బురదలో ఉంటే మార్చికల్లా కుళ్లిపోతుంది.

మొక్కకు మొక్కకు రెండున్నర అడుగులు వదలండి. తొలి ఏడాది వారానికొకసారి బాగా తడిచేలా నీళ్లు పెట్టాలి. రెండో ఏటి నుంచి, మరీ వర్షాలు ముఖం చాటేస్తే తప్ప, పైపు అటు తిప్పాల్సిన పని లేదు. చెక్కపొట్టు మల్చ్ వేసేటప్పుడు కాండం మొదట్లో గుట్ట పోయకండి, నాలుగు వేళ్ల దూరం ఉంచండి.

మీ ఇంట్లోనో పక్కింట్లోనో పిల్లి ఉంటే ఇంకో పని కూడా. కొత్తగా నాటిన మొక్కకు గాయాలవుతాయి కదా, వాసన బాగా వస్తుంది. ఆ రాత్రికే పిల్లి వచ్చి దాని మీద పడుకుంటుంది. నెలరోజులపాటు పైన కోళ్ల జాలీ ముక్క ఒకటి గుమ్మటంలా బోర్లించండి. మొక్క దుబ్బు కట్టాక పిల్లి దొర్లినా ఏమీ కాదు.

ఇప్పుడు చేయాల్సిన క్షౌరం

మా వైపు మే మొదటి వారంలో పూత మొదలై, జూన్ నడిమికి రంగు వెలిసిపోతుంది. దుబ్బు మధ్యలో చీలి నలుపక్కలా వాలుతుంది. చాలామంది ఇక్కడ భయపడి, మొక్క అయిపోయిందనుకుని పీకేస్తారు. అయిపోలేదు. జుట్టు పెరిగిందంతే.

మంచి పదునైన కత్తెర తీసుకుని, దుబ్బు మొత్తాన్ని సగానికి, ధైర్యముంటే మూడింట రెండొంతులు కిందికి కత్తిరించండి. మొదట్లో చూస్తే చిన్న చిన్న కొత్త ఆకులు కనబడతాయి. వాటికి కాస్త పైన కోయాలి. రెండు రోజులు చూడ్డానికి ఘోరంగా ఉంటుంది. పది రోజుల్లో పచ్చబడుతుంది. మూడు నాలుగు వారాల్లో మళ్లీ పూస్తుంది. అలా సెప్టెంబరు దాకా విడతలుగా పూలుంటాయి.

ఇంగ్లండ్‌లో కొందరు పూత రాకముందే, మే చివర్లో ఒక కోత కోస్తారు. చెల్సీ పూల ప్రదర్శన జరిగే రోజుల్లో చేస్తారని దాన్ని 'చెల్సీ చాప్' అంటారు. దానివల్ల మొక్క పొట్టిగా, గట్టిగా వస్తుంది. పూత మాత్రం కొంచెం ఆలస్యమవుతుంది.

నా పద్ధతి వేరు. అన్ని మొక్కలనూ ఒకేసారి కోయను. ఒకటి విడిచి ఒకటి ఇప్పుడు కోస్తాను. మిగిలినవి రెండు వారాల తర్వాత. వరస కాస్త పళ్లూడిన దువ్వెనలా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ నా కూరగాయలు ఆ రెండు వారాల మీదే ఆధారపడి ఉన్నాయి.

పిందె నిలవాలంటే

జూన్ చివర, జులై మొదట్లో మన దోస, గుమ్మడి, కాకర పూతకొస్తాయి. ఆ పూలు పొద్దున్నే విచ్చుకుంటాయి. మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకు అందకపోతే పిందె పసుపెక్కి రాలిపోతుంది. అందించేది తేనెటీగలు, తుమ్మెదలు. క్యాట్‌మింట్ పూత మొదలైన రోజు నుంచీ దాని మీద బంబుల్ బీలు, అదే ఆ బొద్దు తుమ్మెదలు, పొద్దుటి నుంచి చీకటి పడేదాకా ఉంటాయి. మే నెల నుంచే మన పెరటికి రావడం వాటికి అలవాటైతే, దోస పూసే నాటికి వేరే పిలుపు అక్కర్లేదు. అన్ని మొక్కలూ ఒకేసారి కోస్తే సరిగ్గా అప్పుడే మేత లేక పక్క వీధికి పోతాయి. అందుకే సగం సగం.

వంకాయ, టమాటాలకు ఈ తుమ్మెద మరీ ముఖ్యం. వాటి పుప్పొడి చిన్న చిన్న గొట్టాల్లాంటి సంచుల్లో ఉంటుంది. బంబుల్ బీ పువ్వును పట్టుకుని ఒళ్లంతా గట్టిగా జుమ్మని అదిరిస్తుంది. ఉప్పు డబ్బా కుదిపినట్టు పుప్పొడి రాలుతుంది. మామూలు తేనెటీగకు ఈ విద్య రాదు.

అయితే ఒక మాట స్పష్టంగా చెప్పాలి. క్యాట్‌మింట్ నాటితే బీర, సొర, పొట్ల కూడా విరగకాస్తాయని అనుకోకండి. ఆ పూలు సాయంత్రం, చీకటి వేళ విచ్చుకుంటాయి. పగటి తుమ్మెదలు అప్పటికి ఇళ్లకు చేరతాయి. వాటికి రాత్రి తిరిగే చిమ్మటలు రావాలి, లేదా మీరే సాయంత్రం ఏడింటికి మగపువ్వు తుంచి ఆడపువ్వుకు అద్దాలి. బీరపాదు దగ్గర టార్చిలైటు పట్టుకుని నిలబడ్డ నన్ను చూసి మా ఎదురింటాయన మొదటి ఏడాది ఏదో పోయిందనుకుని వెతికిపెట్టడానికి వచ్చాడు. ఇప్పుడు అలవాటైపోయింది.

దోమలమందు కథ

ఇక మొదట్లో చెప్పిన రెండో కారణం. పోయినేడు మా వీధిలోనే ఉండే ఒక తెలుగు అమ్మాయి నా దగ్గర నుంచి ఆరు క్యాట్‌మింట్ పిలకలు తీసుకెళ్లి నాటింది. ఒక ఏడాది ముందు తీసుకెళ్లినవి అప్పటికే దుబ్బులై ఉన్నాయి. జూన్‌లో ఇల్లంతా ఊదా రంగు. ఆ అమ్మాయికి ఎనిమిది నెలల పాప. గుంటూరు నుంచి అమ్మ వచ్చి ఉంది. పగలే కుట్టే చారల దోమలు ఇక్కడ ఎక్కువ. ఒకరోజు పాప చెయ్యి దోమ కుట్టి బూరెలా వాచింది. ఆ తల్లి కంగారు మీకు వేరే చెప్పక్కర్లేదు. మర్నాడే దోమలమందు కొట్టే వాళ్లను పిలిచింది. మూడు వారాలకోసారి వచ్చి కొట్టేలా ఒప్పందం. వాళ్లు గొట్టం పట్టుకుని పొదలన్నిటి మీదా కొట్టారు. పూత మీదున్న క్యాట్‌మింట్ మీద కూడా.

మర్నాడు పొద్దున ఆ పెద్దావిడ నా దగ్గరికి వచ్చింది. "అమ్మాయ్, ఒకసారి రా. పూల కింద తుమ్మెదలు పడున్నాయి. కొన్ని ఇంకా కాళ్లాడిస్తున్నాయి. ఏమిటో చూద్దువుగాని" అంది. వెళ్లి చూశాను. లెక్కపెట్టలేదు. లెక్కపెట్టాలనిపించలేదు.

ఆ మందుల్లో సాధారణంగా ఉండేవి పైరిథ్రాయిడ్‌లు. దోమను చంపేది తుమ్మెదనూ చంపుతుంది, దానికి తేడా తెలియదు. పూత లేని పొద మీద కొడితే ఒక రకం. వెయ్యి తుమ్మెదలు వాలే పూల మీద కొడితే ఇంకో రకం. మనమే పూలు పెట్టి పిలిచి, మనమే విషం పెట్టినట్టు.

జులై చివర్లో ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, దోస పిందెలన్నీ పసుపెక్కి రాలిపోతున్నాయి. ఏం మందు కొట్టమంటారు?"

"మందు వద్దు తల్లీ. మగపువ్వు కోసి ఆడపువ్వుకు అద్దు" అన్నాను. అంతకన్నా ఎక్కువ ఆ రోజు ఫోన్లో చెప్పబుద్ధి కాలేదు. పాప చెయ్యి వాచినప్పుడు తల్లి తుమ్మెదల గురించి ఆలోచించలేదని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఆ వారాంతం వాళ్లింటికి వెళ్లి, టీ తాగుతూ మాట్లాడుకున్నాం. పాపనూ కాపాడుకోవాలి, పెరటినీ కాపాడుకోవాలి. రెంటికీ దారి ఉంది.

ఈ చారల దోమ గుడ్లు పెట్టేది చెరువుల్లో కాదు. కుండీ కింద పళ్లెంలో, పిల్లల ఆటబొమ్మలో, వాన గొట్టం మలుపులో, బోర్లించని బకెట్లో. గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి ఎండాకాలంలో వారం, పది రోజులు చాలు. అంటే వారానికొకసారి ఆ నీళ్లు ఒంపేస్తే కొత్త దోమ పుట్టదు. ఆ పని అమ్మమ్మగారు తీసుకున్నారు. ప్రతి శనివారం పూజ ముగించుకుని ఇంటి చుట్టూ ఒక ప్రదక్షిణ. పళ్లేలు, మూతలు, బకెట్లు అన్నీ బోర్లా. వాన నీళ్లు పట్టే పీపాలో మాత్రం దోమ పిల్లలను చంపే బీటీఐ బిళ్ల వేయించాం. అది తేనెటీగలకు, పక్షులకు హాని చేయదు. డెక్ మీద కూర్చునేటప్పుడు ఒక పెద్ద టేబుల్ ఫ్యాను. దోమకు గాలికి ఎదురీదే సత్తువ లేదు. పాపకు పొడుగు చేతుల నూలు చొక్కా, ఉయ్యాల మీద దోమతెర. మన ఊళ్లలో చేసేవే ఇవన్నీ. ఒప్పందం రద్దు చేసుకున్నారు. ఈ ఏడాది వాళ్ల క్యాట్‌మింట్ మీద మళ్లీ జుమ్మంటోంది. పాప వాటిని చూపించి "బూ" అంటోంది.

మీరు మందు కొట్టించక తప్పని పరిస్థితే వస్తే, కనీసం పూత ఉన్న మొక్కల మీద కొట్టవద్దని కాగితం మీద రాయించుకోండి. క్యాట్‌మింట్‌ను ముందు రోజే కత్తిరించేస్తే ఇంకా మంచిది.

పిల్లికి తెలిసిన రహస్యం

ఈ సందర్భంలోనే ఒక అపోహ. "క్యాట్‌మింట్ నాటితే దోమలు రావట కదా?" అని అడుగుతుంటారు. సగం నిజం. ఆకులోని నెపెటాలాక్టోన్ అనే పదార్థం దోమలను దూరం కొడుతుంది. 2001లో అయొవా స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్లు ప్రయోగశాలలో దాన్ని పరీక్షించి, దోమలను తోలడంలో డీట్ కన్నా బలంగా పనిచేసిందని చెప్పారు. కానీ అది ఆకు నుంచి తీసిన నూనె. మొక్క తన మానాన తాను నిలబడి ఉంటే ఆ నూనె ఆకు గ్రంథుల్లోనే ఉంటుంది. ఆకు నలిగితేనే బయటికొస్తుంది. వచ్చినా త్వరగా గాల్లో కలిసిపోతుంది. గుమ్మం ముందు నాలుగు మొక్కలు నాటి నిశ్చింతగా కూర్చుంటే దోమలు మీ పక్కనే కూర్చుంటాయి.

ఆ ఆకును నలపాలన్న సంగతి పిల్లికి ఎప్పుడో తెలుసు. జపాన్‌లోని ఇవాతె విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో ఒక ముచ్చటైన సంగతి బయటపెట్టారు. అక్కడ 'మతతబి' అనే తీగ ఉంది. దాని ఆకులకు పిల్లి తల రుద్దుకుని పొర్లుతుంది. అలా రుద్దుకున్న పిల్లుల మీద దోమలు తక్కువ వాలాయట. మరుసటి ఏడాది ఇంకో సంగతి చెప్పారు. పిల్లి ఆకును నాకి, కొరికి పాడుచేసినప్పుడు దోమలను తోలే ఆ పదార్థాలు ఇంకా ఎక్కువగా వెలువడతాయని. అంటే మనం "మత్తెక్కి దొర్లుతోంది పాపం" అనుకునే పిల్లి, ఒకపక్క హాయి అనుభవిస్తూ ఇంకోపక్క దోమలమందు పూసుకుంటోందన్నమాట.

అన్ని పిల్లులూ దొర్లవు. సుమారు మూడింట రెండొంతుల పిల్లులకే ఈ గుణం ఉంటుంది. అది పుట్టుకతో వచ్చేది. నాలుగు నెలల లోపు పిల్లి కూనలకు మామూలుగా ఏమీ అనిపించదు. దొర్లేవి కూడా పది, పదిహేను నిమిషాలు దొర్లి లేచిపోతాయి. ఆ తర్వాత కాసేపటిదాకా అదే ఆకు ముక్కు దగ్గర పెట్టినా పట్టించుకోవు. దీనికి అవి బానిసలు కావు. మరీ ఎక్కువ తింటే మాత్రం వాంతి చేసుకోవచ్చు. ఫాసెనై మీద పిల్లులకు క్యాట్‌నిప్ మీదున్నంత మోజు ఉండదు. మీ పిల్లిని మురిపించాలంటే ఒక కుండీలో వేరుగా క్యాట్‌నిప్ పెట్టండి.

మా అత్తయ్య తొలిసారి దీని పేరు విని, ఒక రెమ్మ తుంచి నలిపి వాసన చూసి, "ఇది పుదీనా ఏమిటే, దీంతో పచ్చడి చేస్తే మీ మామయ్య లేచి వెళ్లిపోతారు" అన్నారు. ఆవిడ మాటే నా మాట. ఇది చట్నీ మొక్క కాదు.

హైదరాబాద్, హ్యూస్టన్ వాళ్లకు

"మాకూ పెరుగుతుందా?" అని మన ఊళ్ల నుంచి అడిగేవారికి ఉన్నదున్నట్టు చెబుతాను. నెపెటాలకు చలికాలం కావాలి. మన దేశంలోనూ హిమాలయాల్లో చాలా నెపెటాలు సహజంగా పెరుగుతాయి. హైదరాబాద్, విజయవాడల్లో దీన్ని చలికాలపు మొక్కగా చూడండి. క్యాట్‌నిప్ విత్తనాలు అక్టోబరు, నవంబరులో కుండీలో చల్లండి. మట్టిలో మూడో వంతు ఇసుక కలపండి. ఫిబ్రవరి, మార్చి దాకా చక్కగా ఉంటుంది. ఏప్రిల్ ఎండలకు వాడిపోతుంది. దాన్నీ దాటితే వానాకాలం తడికి వేరు కుళ్లుతుంది. ఏటేటా కొత్తగా వేసుకోవడమే. రెండు మూడొందలు పోసి తెచ్చిన మొక్క మేలో పోతే, ఆ పాపం మీ చేతిది కాదు.

అయినా మన పిల్లులకు మన మొక్క ఉంది కదండీ. కుప్పింటాకు! గోడల పక్కన, కుండీల్లో తనంతట తానే మొలుస్తుంది. దాన్ని వేళ్లతో సహా పీకి పడేసి చూడండి, వీధిలో పిల్లి ఆ వేరు మీద పడి పొర్లుతుంది. పుదీనాకూ దానికీ చుట్టరికం లేదు, అది ఆముదం కుటుంబంలోది. క్యాట్‌నిప్‌లో ఆకు పనిచేస్తే ఇందులో వేరు. మన అమ్మమ్మలు దాని ఆకు పసుపుతో నూరి గజ్జికి రాసేవారు. పైకి రాయడం వరకే. కడుపులోకి మాత్రం సొంత వైద్యంగా తీసుకోకండి. జీ6పీడీ లోపం ఉన్నవారికి ఎర్ర రక్తకణాలు చితికిపోయే ప్రమాదం ఉంది.

హ్యూస్టన్ వాళ్లది కూడా ఇంచుమించు ఇదే బాధ, అక్కడి ఉక్క దీనికి పడదు. అక్కడ నీలం సాల్వియా పెట్టుకోండి. తుమ్మెదలకు అంతే ఇష్టం, దూరం నుంచి చూస్తే తేడా తెలియదు. డల్లాస్ వాళ్లు ఎత్తు మడిలో, మధ్యాహ్నం మూడు తర్వాత నీడ పడే చోట ప్రయత్నించవచ్చు. బే ఏరియా వాళ్లు అదృష్టవంతులు. పొడి ఎండాకాలం దీనికి పుట్టిల్లు లాంటిది.

దుబ్బు విడదీయడం

మూడు నాలుగేళ్లకు దుబ్బు మధ్యలో బోడి అవుతుంది. ఏప్రిల్‌లో కొత్త ఆకులు రెండంగుళాలు రాగానే, లేదా సెప్టెంబరు మొదట్లో, చుట్టూ పారతో తవ్వి మొక్కను పైకి లేపండి. కొబ్బరికాయ చెక్కల్లా నాలుగు ముక్కలు చేయండి. మధ్య గట్టి చెక్క పారేసి, వేరున్న అంచు ముక్కలు నాటుకోండి. మిగిలినవి పంచండి. కొమ్మ గుచ్చాలంటే జూన్ కోతలో పువ్వు లేని లేత చివళ్లు నాలుగంగుళాలు తీసుకుని, కింది ఆకులు దూసి, తడి ఇసుకలో నీడన ఉంచితే మూడు వారాల్లో వేరు పడుతుంది.

చలికాలంలో ఎండిన కాడలను నవంబరులో కోసేయకండి. అవి మొక్క మొదలుకు దుప్పటిలా ఉంటాయి. మార్చి చివర, కింద బూడిద పచ్చ చిగురు కనిపించాక కోయండి.

ఈ వారం పని

క్యాట్‌మింట్ వరసలో ఒకటి విడిచి ఒకటి సగానికి కోయండి. కోసిన వాటిలోంచి పది లేత చివళ్లు ఇసుకలో గుచ్చండి. శనివారం నాడు ఇంటి చుట్టూ తిరిగి నీళ్లు నిలిచిన పళ్లేలన్నీ బోర్లించండి. దోమలమందు ఒప్పందం ఉన్నవాళ్లు ఒక ఫోన్ చేసి, పూల మీద కొట్టవద్దని చెప్పండి. దోసపాదుకు ఇంకా పందిరి వేయకపోతే ఇదే ఆఖరు వారం.

వచ్చే వారం పొట్లపాదు. కాయ వంకర తిరగకుండా రాయి కట్టాలా వద్దా అన్న మన పాత తగవు తేల్చుకుందాం.